ఫ్యాకల్టీ ఏఐ ఎందుకు వాడట్లేదు? వయసు సంగతి తర్వాత, ముందు పరీక్ష పేపర్ చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మీరు ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యతను చూసే విభాగం) కోఆర్డినేటర్. ఏఐ టూల్స్ మీద రెండు వర్క్‌షాపులు పెట్టించారు. మేనేజ్‌మెంట్‌ని ఒప్పించి కొన్ని లైసెన్సులు కూడా కొనిపించారు. అయినా ఫ్యాకల్టీలో చాలామంది వాటి జోలికి పోవట్లేదు. వాడేవాళ్లు కూడా కోర్స్ ఫైళ్లు (ఒక్కో సబ్జెక్టుకి పెట్టాల్సిన రికార్డులు) నింపడానికే వాడుతున్నారు తప్ప క్లాసులోకి తేవట్లేదు. కారణం వయసా, భయమా, శిక్షణ చాలకపోవడమా? అప్రైజల్‌లో మార్కులు పెట్టి తప్పనిసరి చేస్తే మంచిదా?

సూటిగా చెప్తాను. వయసు అంత పెద్ద కారణం కాదు. శిక్షణ కొంతవరకే పనిచేస్తుంది. అసలు తేల్చేవి రెండు. తన పనిలో తనకు ముఖ్యమనిపించే భాగానికి ఆ టూల్ అక్కరకొస్తుందా అన్నది ఒకటి. రేపు ఏదైనా తేడా వస్తే కాలేజీ తన వెనక నిలబడుతుందా అన్నది రెండోది. యూనివర్సిటీకి అనుబంధంగా ఉండే మన అఫిలియేటెడ్ కాలేజీల్లో మొదటిదాన్ని యూనివర్సిటీ పరీక్ష నిర్ణయిస్తోంది, రెండోదాన్ని హెచ్ఓడీ, ప్రిన్సిపాల్ నిర్ణయిస్తున్నారు. మీ వర్క్‌షాపులు ఈ రెంటినీ ముట్టుకోలేదు కాబట్టే పరిస్థితి అలాగే ఉంది. తప్పనిసరి చేయడం గురించి చివర్లో చెప్తాను. నా జవాబు మాత్రం వద్దనే.

ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, హెచ్ఓడీగా పనిచేశాను. కొంతకాలంగా ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో ఎఫ్‌డీపీలు (ఫ్యాకల్టీకి శిక్షణ కార్యక్రమాలు) నడుపుతున్నాను. కింద రాసేవి అక్కడ కళ్లారా చూసినవి.

ముందు పరిశోధన గురించి కొంచెం. మనుషులు కొత్త టెక్నాలజీని ఎప్పుడు స్వీకరిస్తారన్న ప్రశ్న ఏఐతో పుట్టింది కాదు. 1989లో ఫ్రెడ్ డేవిస్ దీనికి రెండు నమ్మకాలు మూలమని చెప్పారు: ఇది నాకు ఉపయోగపడుతుందా, దీన్ని వాడటం తేలికేనా. ఆయన అధ్యయనంలోనే తేలిక కన్నా ఉపయోగం చాలా బలమైన కారణమని తేలింది. పనికొస్తుందని నమ్మితే కష్టపడైనా నేర్చుకుంటారు. పనికిరాదనుకుంటే ఎంత తేలికైనా పక్కన పెట్టేస్తారు. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, మరో ముగ్గురు కలిసి అప్పటికి ఉన్న ఎనిమిది నమూనాలను ఒక్కటిగా చేసి నాలుగు కారణాలు చూపించారు: పని మెరుగుపడుతుందన్న నమ్మకం, పడాల్సిన శ్రమ, చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, అందుబాటులో ఉన్న వసతులు. యూనివర్సిటీ అధ్యాపకుల ఏఐ వాడకం మీద ఇప్పుడు వస్తున్న సర్వేల్లో చాలావాటికి ఈ రెండు నమూనాల్లో ఏదో ఒకటి పునాది.

ఆ 2003 అధ్యయనంలో మీకు నేరుగా పనికొచ్చే విషయం ఒకటుంది. చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం ముఖ్యంగా తప్పనిసరి చేసిన చోటే కనిపించింది, అదీ మొదటి రోజుల్లోనే ఎక్కువ. అనుభవం వచ్చేకొద్దీ తగ్గిపోయింది. నేను చూసిన కాలేజీల్లోనూ ఇదే జరిగింది. సర్క్యులర్ వచ్చిన నెలలో లాగిన్లు బాగా పెరుగుతాయి. తర్వాతి సెమిస్టర్‌లో మిగిలేది తమ పనికి ఏదో ఒక ఉపయోగం కనిపెట్టుకున్నవాళ్లే.

ఇక పరీక్ష పేపర్ సంగతి. మీ కాలేజీలో థర్మోడైనమిక్స్ చెప్పే ఒక సార్‌ని ఊహించుకోండి. సెమిస్టర్ చివర ఆయన్ని ప్రిన్సిపాల్ అడిగేది ఒక్కటే, పాస్ పర్సంటేజ్ ఎంత అని. హైదరాబాద్ జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూహెచ్) ఆర్22 రెగ్యులేషన్‌లో ఎక్స్‌టర్నల్‌కి, అంటే యూనివర్సిటీ పెట్టే చివరి పరీక్షకి 60 మార్కులు, కాలేజీ వేసే ఇంటర్నల్‌కి 40. ఆంధ్రలో ఆర్23లో అది 70, 30. ఎక్స్‌టర్నల్ పేపర్‌లో ఏ యూనిట్ నుంచి ఏ రకం ప్రశ్న వస్తుందో పాత పేపర్లు తిరగేస్తే తెలిసిపోతుంది. డెరివేషన్, డయాగ్రామ్, ఒక ప్రాబ్లమ్. మూడు గంటలు కూర్చుని చేత్తో రాయాలి. అలాంటప్పుడు ఏఐ కార్నో సైకిల్‌ని పది రకాలుగా వివరించగలదని మీరు వర్క్‌షాపులో చూపిస్తే ఆయన మర్యాదగా తల ఊపుతారు, తన క్లాసుకి వెళ్లి ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చెప్తారు. దాన్ని బద్ధకం అనుకోకండి. తనని ఏ కొలతతో కొలుస్తున్నారో దానికి సరిపడా పనిచేస్తున్నారు.

అటానమస్ కాలేజీల్లో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ పేపర్ వాళ్లే తయారు చేసుకుంటారు. మిడ్ పరీక్షలో ఓపెన్ ఎండెడ్ ప్రశ్న ఒకటి పెట్టే స్వేచ్ఛ ఉంటుంది. 'ఈ ఏఐ జవాబులో మూడు లోపాలున్నాయి, కనిపెట్టి సరిదిద్దండి' లాంటి ప్రశ్నకు పది మార్కులు ఇచ్చిన మరుక్షణం క్లాసులో ఏఐ గురించి మాట్లాడాల్సిన అవసరం దానంతట అదే వస్తుంది. అందుకే ఎవరైనా నన్ను ఎఫ్‌డీపీకి పిలిస్తే ముందు ఒక పాత మిడ్ పేపర్ పంపమని అడుగుతాను. పేపర్ మొత్తం 'డిఫైన్', 'లిస్ట్', 'ఎక్స్‌ప్లెయిన్ విత్ నీట్ స్కెచ్' అని ఉంటే, ఎంత మంచి శిక్షణ ఇచ్చినా అది క్లాసు దాకా రాదని ముందే చెప్పేస్తాను.

మీది అఫిలియేటెడ్ కాలేజీ అయితే ఎక్స్‌టర్నల్‌ని మార్చలేరు. కానీ ఇంటర్నల్‌లో అసైన్‌మెంట్లు, ల్యాబ్ వైవా, మినీ ప్రాజెక్టు, సెమినార్ మీ చేతిలోవే. అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

వయసు గురించి ఒక ఉదాహరణ చెప్తాను. సివిల్‌లో ఒక సీనియర్ ప్రొఫెసర్, రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డవారు. స్ట్రక్చరల్ అనాలిసిస్ అసైన్‌మెంట్ ఇస్తే ఒకడు చేస్తాడు, మిగతావాళ్లు ఎక్కిస్తారు. ఇది ఆయనకు ఏళ్ల తరబడి ఉన్న బాధ. ప్రతి విద్యార్థికీ వేరే స్పాన్, వేరే లోడ్, వేరే సపోర్ట్ కండిషన్ ఉన్న ప్రాబ్లమ్ ఇవ్వొచ్చని తెలిసినప్పుడు ఆయన కూర్చుని నేర్చుకున్నారు. ఏఐ వేసిన బెండింగ్ మూమెంట్ లెక్కల్లో సైన్ తప్పులు వస్తున్నాయని ఆయనే పట్టుకున్నారు. దాంతో ప్రశ్న వాక్యాలు మాత్రం ఏఐతో రాయించి, కీ తన ఎక్సెల్ షీట్‌లో తనే లెక్కగట్టే పద్ధతి పెట్టుకున్నారు. అదే కాలేజీలో కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు కుర్ర లెక్చరర్లు ఫోన్‌లో రోజంతా ఏఐ వాడతారు కానీ క్లాసులో దాని ఊసే ఎత్తరు. సీనియర్ సార్‌కి సబ్జెక్టు మీద పట్టుంది కాబట్టి తప్పు కనిపెట్టగలనన్న ధైర్యం ఉంది. కొత్తవాళ్లకి ఆ ధైర్యం ఇంకా రాలేదు. క్లాసులో ఏఐ తప్పు చెప్తే, అది తప్పని తమకు తెలియకపోతే, పిల్లల ముందు పరువు పోతుందని టెన్షన్.

అందుకే నేను టెక్నాలజీ పరిజ్ఞానం కన్నా సబ్జెక్టు మీద పట్టుని పెద్ద కారణంగా చూస్తాను. పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: సబ్జెక్టు, బోధన పద్ధతి, టెక్నాలజీ, ఈ మూడూ కలిసిన చోటే అసలైన వాడకం పుడుతుంది. మన వర్క్‌షాపులు మూడోదాన్ని విడదీసి ఒక్కదాన్నే నేర్పుతాయి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2025ని కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించాక ఒక్క రోజు వర్క్‌షాపులు బాగా పెరిగాయి. అన్నింట్లోనూ అవే స్లైడ్లు, అవే టూల్స్ జాబితా. మెకానికల్ వాళ్లకీ, ఎంబీఏ వాళ్లకీ, ఇంగ్లిష్ వాళ్లకీ ఒకటే పాఠం.

సబ్జెక్టుని బట్టి ఉపయోగం ఎంత మారిపోతుందో తెలుగు శాఖల్లో బాగా తెలుస్తుంది. ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పే మేడమ్ నా ముందే ఒక టూల్‌ని ఉత్పలమాలలో పద్యం రాయమన్నారు. చూడ్డానికి నాలుగు పాదాలూ ఉన్నాయి. గణవిభజన చేస్తే ఉత్పలమాలకి ఉండాల్సిన గణాలు భ ర న భ భ ర వ ఎక్కడా కుదరలేదు, పదో అక్షరంతో యతి లేదు. తర్వాత బాగా ప్రచారంలో ఉన్న ఒక పద్యం ఎవరిదని అడిగితే ధీమాగా వేరే కవి పేరు చెప్పింది. 'దీన్ని నమ్మి పిల్లలకు ఎలా ఇవ్వమంటారు సార్' అన్నారావిడ. న్యాయమైన ప్రశ్న. ఇంగ్లిష్‌లో కంప్యూటర్ సైన్స్ చెప్పేవాళ్లకి దొరికే నాణ్యత తెలుగులో సాహిత్యం చెప్పేవాళ్లకి దొరకదు. పైగా ఇప్పటి మోడల్స్ తెలుగు అక్షరాల్ని ఎక్కువ ముక్కలు చేసి చదువుతాయి కాబట్టి అంతే విషయానికి తెలుగులో ఎక్కువ టోకెన్లు (ఆ ముక్కల్నే టోకెన్లంటారు) ఖర్చవుతాయి. ఉచిత అకౌంట్‌లో పరిమితి తొందరగా అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వ భాషా అనువాద వేదిక భాషిణి, మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల భారతీయ భాషల మీద గట్టి పని జరుగుతోంది. ఏఐసీటీఈ అనువాద టూల్ అనువాదిని సాయంతో పాఠ్యపుస్తకాల అనువాదాలూ వస్తున్నాయి. అయినా ఆ రోజు ఆవిడ ముందున్న స్క్రీన్ మీద కనిపించింది గణం తప్పిన పద్యమే. ఆవిడ తర్వాత ఏం చేశారంటే, ఆ పద్యాన్నే బోర్డు మీద రాసి గణాలు ఎక్కడ తప్పాయో, ఏ పదం మారిస్తే కుదురుతుందో పిల్లల చేత చెప్పించారు. ఛందస్సు క్లాసుకి అంత హుషారు ఎప్పుడూ రాలేదని తర్వాత నాతో అన్నారు. ఏఐని అలా కూడా వాడొచ్చని ఆవిడకి ఏ వర్క్‌షాపూ చెప్పలేదు. సబ్జెక్టు మీదున్న పట్టు వల్లే తట్టింది.

రెండో పెద్ద కారణం, వెనక ఎవరైనా నిలబడతారా అన్నది. దీని గురించి స్టాఫ్ మీటింగ్‌లో ఎవరూ మాట్లాడరు. స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ చెప్తారు. 'ఏఐతో క్వశ్చన్ బ్యాంక్ చేశానని తెలిస్తే, పని ఎగ్గొట్టిందంటారేమో.' 'పీహెచ్‌డీ సబ్మిట్ చేయాలి, రేపు థీసిస్ చెక్ చేసినప్పుడు ఏఐ అని వస్తే?' 'ఏఐతో పని తొందరగా అవుతోందని తెలిస్తే ఇంకో సెక్షన్ అంటగడతారు.' ఈ మూడూ నేను వేర్వేరు కాలేజీల్లో, దాదాపు ఇవే మాటల్లో విన్నాను.

పీహెచ్‌డీ భయం ఊరికే వచ్చింది కాదు. యూజీసీ 2018 ప్లేజియరిజం నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు దాకా పోతుంది. ఆ నిబంధనలు చాట్‌జీపీటీ రాకముందువి, వాటిలో ఉన్నది పాఠ్యాల మధ్య పోలిక గురించి. ఏఐ డిటెక్టర్ (రాసింది మనిషా, ఏఐనా అని అంచనా వేసే టూల్) ఇచ్చే శాతం పూర్తిగా వేరే సంగతి. కానీ రెండూ శాతాలే కావడంతో చాలా కాలేజీల్లో కలిపేస్తున్నారు. ఇది ప్రమాదం. చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్ఏఐ తాను తయారుచేసిన డిటెక్టర్‌నే కచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఆపేసింది. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ అదే ఏడాది ఆగస్టులో కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లోని ఏఐ డిటెక్టర్‌ని నిలిపేసింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏడు డిటెక్టర్లను పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా ఏఐ రాసినవని తప్పుగా తేల్చాయి. మన పిల్లలు, మన లెక్చరర్లు రాసే ఇంగ్లిష్ సరిగ్గా ఆ కోవలోదే: చిన్న వాక్యాలు, పరిమితమైన పదాలు. ఒక అమ్మాయి సొంతంగా రాసుకున్న ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి డిటెక్టర్ పెద్ద శాతం చూపిస్తే, గైడ్ ఆమెను మళ్లీ మళ్లీ రాయించిన కేసు నాకు తెలుసు. అది చూసిన ఆ డిపార్ట్‌మెంట్ లెక్చరర్లు నేర్చుకున్న పాఠం ఏంటంటే, ఏఐ పేరెత్తకుండా ఉంటేనే క్షేమం అని.

దీనికి మందు, రాతపూర్వకంగా ఒక పేజీ పాలసీ. యునెస్కో 2023 సెప్టెంబరులో జెనరేటివ్ ఏఐ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో ఉపాధ్యాయులకు కావలసిన ఏఐ సామర్థ్యాల చట్రాన్నీ ఇచ్చింది. వాటిని చదవండి, కానీ యథాతథంగా అతికించకండి. మీ పేజీలో ఇవి ఉంటే చాలు: లెసన్ ప్లాన్, క్వశ్చన్ బ్యాంక్, క్విజ్, ఉదాహరణల కోసం ఏఐ వాడొచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్టడీ మెటీరియల్‌లో వాడితే ఒక లైన్‌లో చెప్పాలి. డిటెక్టర్ శాతం ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకుని ఎవరి మీదా చర్య తీసుకోకూడదు. హెచ్ఓడీ, ప్రిన్సిపాల్ సంతకం పెట్టాలి. ఆ సంతకానికి మీరు కొన్న లైసెన్సుల కన్నా ఎక్కువ విలువ ఉంటుంది.

అదే పేజీలో చేయకూడనివీ గట్టిగా రాయండి. ఎక్స్‌టర్నల్ క్వశ్చన్ పేపర్ సెట్ చేసేటప్పుడు ఆ ప్రశ్నల్ని ఏ పబ్లిక్ టూల్‌లోనూ పెట్టకూడదు. అది గోప్యత ఉల్లంఘన. హాల్ టికెట్ నంబర్లు, మార్కుల లిస్టులు, కౌన్సెలింగ్‌లో పిల్లలు చెప్పుకున్న ఇంటి విషయాలు, స్కాన్ చేసిన జవాబు పత్రాలు సొంత ఉచిత అకౌంట్‌లోకి ఎక్కించకూడదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై అయ్యాయి. కాలేజీ దగ్గరున్న విద్యార్థి సమాచారానికి కాలేజీదే బాధ్యత. ఎక్కడ ఆగాలో స్పష్టంగా తెలిస్తే లెక్చరర్లు మిగతా చోట్ల ధైర్యంగా వాడతారని నా అనుభవం. ఏదీ చెప్పకుండా వదిలేసిన కాలేజీల్లోనే భయం ఎక్కువ.

సమయం గురించి. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన, అసోసియేట్ ప్రొఫెసర్‌కీ ప్రొఫెసర్‌కీ 14 గంటలు అని ఉంది. దానికి తోడు అటెండెన్స్ ఎంట్రీ, మెంటరింగ్ రిజిస్టర్, నాక్ ఫైళ్లు, ఎన్‌బీఏ ఫైళ్లు (రెండూ నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థలు), ఇన్విజిలేషన్, స్పాట్ వాల్యుయేషన్, కొన్ని ప్రైవేట్ కాలేజీల్లో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం. వీటి మధ్య ఒక కొత్త టూల్‌తో కుస్తీ పట్టడానికి తీరిక ఎక్కడిది? చాలా కాలేజీలు శిక్షణని సాయంత్రం క్లాసులయ్యాక పెడతాయి. కాలేజీ బస్సులో వచ్చేవాళ్లు బస్సు మిస్సవుతామని మధ్యలో లేచి వెళ్లిపోతారు. వాళ్లలో మహిళా లెక్చరర్లే ఎక్కువ. రెండు మూడుసార్లు ఇలా జరిగాక 'మేడమ్‌లకి ఆసక్తి లేదు' అని రిపోర్టులో రాస్తారు. మీ హాజరు పట్టికని బస్సు టైముతో కలిపి ఒకసారి చూడండి. టైమ్‌టేబుల్‌లోనే వారానికి ఒక పీరియడ్ కేటాయించండి. అది కాలేజీ పని సమయమని అందరికీ తెలియాలి.

సమయం లేకపోవడానికి ఇంకో వైపు కూడా ఉంది. మీరు ఫిర్యాదు చేసిన కోర్స్ ఫైళ్ల వాడకం అక్కడి నుంచే వచ్చింది. గంటలకొద్దీ తినేసే పని, క్లాసులో ఎవరికీ కనిపించని పని, ముందు దాన్ని దించుకోవాలనుకోవడం సహజం. అది చెడ్డ మొదలేమీ కాదు. ఆ దారినే క్లాసుకి వచ్చినవాళ్లని చూశాను. కానీ ఒక హెచ్చరిక. కోర్స్ అవుట్‌కమ్స్ (సబ్జెక్టు పూర్తయ్యేసరికి విద్యార్థికి ఏమేం రావాలో చెప్పే వాక్యాలు; వీటిని మొత్తం డిగ్రీ లక్ష్యాలైన ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌కి ముడిపెట్టి చూపాలి) మొత్తం ఏఐతో రాయిస్తే అన్ని సబ్జెక్టులవీ ఒకేలా వస్తాయి. ఎన్‌బీఏ నిపుణుడు వచ్చి 'మూడో అవుట్‌కమ్‌ని ఐదో ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌కి మూడో లెవెల్‌లో ఎందుకు మ్యాప్ చేశారు' అని అడిగితే లెక్చరర్ దగ్గర జవాబు ఉండదు. భాష దిద్దించుకోండి, నిర్ణయం మాత్రం మీరే తీసుకోండి అని నేను చెప్తుంటాను.

ఒక విషయం మీద కాస్త సున్నితంగా ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఒక సబ్జెక్టు చెప్తున్న మనిషికి తన నోట్స్ అంటే కేవలం కాగితాలు కావు. ఏ ఉదాహరణ చెప్తే వెనక బెంచీ వాడికి అర్థమవుతుందో, ఏ స్టెప్ దగ్గర అందరూ తప్పు చేస్తారో, అదంతా అందులో ఉంటుంది. 'మీ నోట్స్ ఏఐ అరనిమిషంలో తయారు చేస్తుంది' అని వేదిక మీద నుంచి ఎవరైనా అంటే ఆయన ఆ రోజే మనసు మూసేసుకుంటారు. నేను అలాంటివాళ్లతో పనిచేసేటప్పుడు వాళ్ల నోట్స్‌నే ముందు పెట్టుకుంటాను. ఒక యూనిట్ ఇచ్చి, దీని మీద పిల్లలు పడే పొరపాట్లు మీరు చెప్పండి, వాటి మీద అభ్యాసాలు ఏఐతో చేయిద్దాం అంటాను. అప్పుడు ఆయన అనుభవానికే పెద్ద పీట. ఏఐ ఆయన చెప్పింది చేస్తుంది. నేను చూసినంతలో ఆ గౌరవం దక్కిన చోట మొండికేసిన సీనియర్లు చాలా తక్కువ.

పిల్లల వైపు నుంచి వచ్చే ఒత్తిడి కూడా ఒక బలమైన కారణమే, ఈ మధ్య ఇంకా పెరిగింది. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకి పర్‌ప్లెక్సిటీ ప్రో అనే ఏఐ టూల్ ఏడాది ఉచితమంది. అక్టోబరు చివర జియో గూగుల్ వాళ్ల జెమినై ప్రోని ముందు 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి 18 నెలలు ఉచితంగా మొదలుపెట్టింది. నవంబరులో ఓపెన్ఏఐ చాట్‌జీపీటీ గోని భారత్‌లో ఏడాది ఉచితం చేసింది. అంటే సిమ్ కార్డుతో పాటే డబ్బు కట్టాల్సిన టూల్ పిల్లల ఫోన్లోకి వచ్చేసింది. చాలామంది లెక్చరర్లు మాత్రం ఇంకా ఉచిత వెర్షన్‌తో సర్దుకుంటున్నారు. విద్యార్థి ముందు వెనకబడ్డామనిపించడం కొందరిని నేర్చుకోవడం వైపు నడిపిస్తుంది, కొందరిని నిషేధం వైపు నెడుతుంది. ఎటు పోతారన్నది చాలావరకు ల్యాబుల దగ్గర తేలుతుంది. ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో రికార్డ్ రాయించి సంతకం పెట్టడమే పని అయితే ఏఐ శత్రువు లాగే కనిపిస్తుంది. అలాంటి ల్యాబ్‌లోనే ఒక కంప్యూటర్ సైన్స్ సార్ కోడ్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నా ఫర్వాలేదన్నారు. వైవాలో మాత్రం ఒక షరతు మార్చి 'ఇప్పుడు నా ముందే దీనికి తగ్గట్టు మార్చు' అంటారు. లింక్డ్ లిస్ట్ (ఒకదానికొకటి ముడిపడ్డ నోడ్‌ల వరస) తిరగేసే ప్రోగ్రాం తెచ్చినవాణ్ని మొదటి నోడ్ వదిలేసి మిగతావి తిరగేయమంటారు. అర్థం చేసుకున్నవాడు రెండు లైన్లు మారుస్తాడు, కాపీ కొట్టినవాడు స్క్రీన్ వైపు చూస్తూ నిలబడతాడు. ఆ ల్యాబ్‌లో ఏఐని నిషేధించాల్సిన అవసరమే రాలేదు.

ఇక మీరు ఏం చేయొచ్చో చెప్తాను. అన్ని డిపార్ట్‌మెంట్లకీ కలిపి మరో వర్క్‌షాపు పెట్టకండి. ఒక డిపార్ట్‌మెంట్‌తో మొదలుపెట్టండి. అక్కడ పిల్లలు ఎక్కువగా ఫెయిలయ్యే సబ్జెక్టు తీసుకోండి, అది చెప్పే ఇద్దరిని కూర్చోబెట్టండి. 'ఏఐ నేర్చుకుందాం' అనకండి. 'ఈ సబ్జెక్టులో మిమ్మల్ని అన్నిటికన్నా విసిగించేది ఏంటి' అని అడగండి. అసైన్‌మెంట్ కాపీలా, బేసిక్స్ రాకపోవడమా, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ఇంగ్లిష్ పాఠం ఎక్కకపోవడమా? ఆ ఒక్కదానికే పరిష్కారం వెతకండి. తెలుగు మీడియం పిల్లల విషయంలో ఇది బాగా పనికొస్తుంది. ఇంగ్లిష్ టెక్నికల్ పదాలు అలాగే ఉంచి వివరణ తెలుగులో రాయించి, లెక్చరర్ ఒకసారి చదివి సరిచేసి ఇస్తే క్లాసులో నోరు విప్పని పిల్లలు ప్రశ్నలు అడగడం నేను చూశాను. లెక్చరర్ చదవకుండా మాత్రం ఇవ్వకూడదు. టెక్నికల్ పదాలకి వింత వింత అనువాదాలు వస్తుంటాయి.

బయటి నిపుణుణ్ని పిలవడం కన్నా పక్క సీట్లో ఉన్న కొలీగ్ చూపిస్తే ఎక్కువ నమ్ముతారు. తన సిలబస్సే, తన పిల్లలే, తన కష్టాలే కాబట్టి. ఆ ఇద్దరికీ ఏదైనా ఫలించాక వాళ్లనే మిగతావాళ్లకి చూపించమనండి, ఏది పనిచేయలేదో కూడా చెప్పమనండి. కొన్ని వారాల తర్వాత మళ్లీ కూర్చోవాలి. నేను చూసిన శిక్షణల్లో ఎక్కువ భాగం ఫీడ్‌బ్యాక్ ఫారం నింపిన రోజుతోనే ముగిసిపోయాయి. ఆ తర్వాత ఇరుక్కున్నప్పుడు అడగడానికి మనిషి లేడు.

లైసెన్సుల గురించి ఒక మాట. అందరికీ సమానంగా పంచకండి. ఏ పనికి కావాలో ఒక పేరా రాసిచ్చినవాళ్లకి ఇవ్వండి, సెమిస్టర్ చివర మళ్లీ చూడండి. వాడకం కొలవడానికి లాగిన్లు లెక్కపెట్టొద్దు. 'రేపట్నుంచి ఈ టూల్ తీసేస్తే మీ పనిలో ఏది ఆగిపోతుంది' అని అడగండి. వెంటనే ఒక పని పేరు చెప్పగలిగినవాళ్లే నిజంగా వాడుతున్నవాళ్లు.

చివరగా అప్రైజల్ సంగతి. ఏఐ వాడకానికి మార్కులు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. పెడితే జరిగేది ముందే తెలుసు: సర్టిఫికెట్లు పోగవుతాయి, ప్రతి లెసన్ ప్లాన్‌లో 'ఏఐ టూల్ యూజ్డ్' అనే కాలమ్ నిండుతుంది, క్లాసు మాత్రం మారదు. పైగా ఏఐ తన సబ్జెక్టుకి సరిపోదని ఆలోచించి పక్కన పెట్టిన మంచి టీచర్‌కి అన్యాయం జరుగుతుంది. గణం తప్పిన పద్యాన్ని పిల్లలకి ఇవ్వనన్న ఆ తెలుగు మేడమ్‌కి మార్కులు తగ్గించడం ఏ కొలతలోనూ సబబు కాదు. అప్రైజల్‌లో ఏదైనా పెట్టాలనుకుంటే ఇది పెట్టండి: ఈ ఏడాది మీ ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో ఏ ఒక్క ప్రశ్న లేదా పద్ధతి మార్చారు, ఎందుకు మార్చారు, పిల్లల జవాబుల్లో ఏం తేడా కనిపించింది. అందులో ఏఐ ఉన్నా లేకపోయినా అడగండి. అలా రాసినవాళ్ల పాత, కొత్త ప్రశ్నపత్రాలు రెండూ డిపార్ట్‌మెంట్ ఫైల్‌లో పెట్టించండి, వచ్చే ఏడాది చేరే లెక్చరర్‌కి పనికొస్తాయి.